ఎక్స్‌పోర్ట్ పెట్టె గారికి నమస్కరించి వ్రాయునది

మహారాజశ్రీ పీడీఎఫ్ ఎక్స్‌పోర్ట్ డైలాగ్ బాక్స్ గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలి గానీ, ఇటువైపు కుశలం ఏమీ లేదు. పుస్తకం పేజీలు కూర్చి పీడీఎఫ్ చేద్దామని కంట్రోల్-ఈ కొట్టగానే తమరు మాత్రం ఎప్పటిలా ప్రసన్నవదనంతో ప్రత్యక్షమవుతున్నారు.

నా ఫిర్యాదు తమ జ్ఞాపకశక్తి మీద. రచయిత ఫోన్లో చూసుకుంటానంటే ఒక్కసారి, ఒకే ఒక్కసారి, తమ రెడీమేడ్ సెట్టింగుల్లో (ప్రీసెట్లు అంటారు తమరు) ‘స్మాలెస్ట్ ఫైల్ సైజ్’ ఎంచుకున్నాను. దాన్ని తమరు గుండెల్లో దాచుకున్నారు. వారం తర్వాత అదే పుస్తకం ప్రెస్సుకి పంపబోతే కిక్కురుమనకుండా అదే వడ్డించారు. 96 పేజీల రంగుల పుస్తకం 6 ఎంబీలకి కుదించుకుపోతే, ఎంత తొందరగా అప్‌లోడ్ అయిందోనని మురిసిపోయాను. నా బుద్ధి అలాంటిది, అందులో తమ తప్పేం లేదు.

మొదటి ఫారం (ఒకే పెద్ద కాగితం మీద పడే పేజీలు) అచ్చయి వచ్చాక తెలిసింది. అంగుళానికి 300 చుక్కలున్న (300 డీపీఐ) ఫొటోలు 100కి దిగిపోయాయి. పెద్దాయన మీసమేదో, నీడేదో పోల్చుకోలేం. అది సరే, అక్షరాల సంగతి చూడండి. నల్ల సిరా ఒక్కదానితో అచ్చు కావాల్సినవి తెర రంగులైన ఆర్‌జీబీ దాకా షికారు వెళ్లి, ప్రెస్సులో తిరిగి అచ్చు రంగులైన సీఎంవైకే అయ్యేసరికి నాలుగు సిరాల కలగూరగంప అయ్యాయి. ఒక్కో సిరాకీ ఒక్కో అచ్చు ప్లేటు కదా, అందులో ఒకటి వెంట్రుకవాసి జరిగిందంతే, ప్రతి ఒత్తుకీ, ప్రతి గుడికీ ఒక గులాబీ నీడ. తెర మీద ఒక్కటైనా కనిపిస్తే ఒట్టు.

బ్లీడ్ గురించి కూడా ఒక మాట. కటింగ్ కోసం బొమ్మని పేజీ అంచు దాటించి వదిలే ఆ అదనాన్ని డాక్యుమెంటులో నాలుగు వైపులా 3 మి.మీ. పెట్టాను. పెట్టానని తమకీ తెలుసు; ‘డాక్యుమెంట్ బ్లీడ్ వాడాలా?’ అనే గడి తమ దగ్గరే ఉంది కదా. తెలిసీ అడగడం దేనికి? పోనీ ఎదురుగా అడగొచ్చుగా, రెండు ట్యాబుల చాటున నక్కి అడగడం ఏం మర్యాద? ఆ టిక్కు పడకపోతే కటింగ్ దగ్గర కాస్త అటూఇటూ అయినా అంచున తెల్లగీత వస్తుంది. తిట్లు నాకొస్తాయి, తమకి రావు.

ఇక అచ్చుకి పంపే పీడీఎఫ్ రకాలు ఎక్స్-1ఏ, ఎక్స్-4. మొదటిదానికి ట్రాన్స్‌పరెన్సీ (కింది బొమ్మ కనిపించే పారదర్శకత) గిట్టదు, నీడలన్నీ ఫ్లాటెన్ కావాల్సిందే, అంటే కింది బొమ్మలో కలిసిపోవాల్సిందే. రెండోది వాటిని అలాగే ఉండనిస్తుంది. ఫాంట్లు ఫైల్లోనే ఇమిడి (ఎంబెడ్ అయి) లేకపోతే రెండూ ఒప్పుకోవు, ఆ మేరకు వాటికో దండం. ఏది పంపమంటారని ప్రెస్సుకి ఫోన్ చేస్తే, “ఏదైనా పర్లేదండీ, ప్రాబ్లం రాకుండా ఉండేది పంపండి” అన్నారు. తమ జాబితా మొత్తం వెతికాను, ఆ పేరుతో ప్రీసెట్ లేదు.

బుద్ధొచ్చి సొంతంగా రెండు ప్రీసెట్లు చేసుకున్నాను: ‘చూడ్డానికి’, ‘అచ్చుకి’. తెరిచిన ప్రతిసారీ పైన ఏ పేరుందో గట్టిగా చదువుతున్నాను. పక్క సీటువాళ్లు జపం అనుకుంటున్నారు.

ఇట్లు,
తమ ఓకే బటన్ నొక్కి నొక్కి అరిగిన వేలు

తా.క.: ఈ ఉత్తరాన్నీ తమ చేతుల మీదుగానే పీడీఎఫ్ చేశాను. నాలుగు మూలలా కటింగ్ గీతలతో (క్రాప్ మార్కులు) వచ్చింది.