సవరణ: ‘ఫేటల్ ఇన్‌స్టింక్ట్’ ఒక్క సినిమాకే పేరడీ కాదు

హాలీవుడ్ కామెడీ ‘ఫేటల్ ఇన్‌స్టింక్ట్’ (1993) గురించి నిన్న రాసిన పోస్టులో, అది ‘బేసిక్ ఇన్‌స్టింక్ట్’ (1992)కి పేరడీ అని తేల్చేశాను. అది తప్పు. పేరులోనే ‘ఫేటల్ అట్రాక్షన్’ (1987) కూడా ఉంది. అసలు కథకు ఆధారం ఇంకా పాతది, 1944 నాటి ‘డబుల్ ఇండెమ్నిటీ’. అందులో భర్త రైలు ప్రమాదంలో పోయినట్టు చూపిస్తే బీమా సొమ్ము రెట్టింపు వస్తుందని భార్యా, ఆమె ప్రియుడూ కలిసి అతన్ని చంపుతారు. పేరడీలో అది మూడు రెట్లయింది. దానికి భర్త తూటా తగలాలి, రైల్లోంచి పడాలి, నీళ్లలో మునగాలి కూడా! పాత నోయిర్ సినిమాల (నేరం, మోసం చుట్టూ తిరిగే చీకటి కథల) లెక్కను ఎంత శ్రద్ధగా చదివారో ఆ ఒక్క షరతు చూస్తే తెలుస్తుంది. హీరో పోలీసూ, లాయరూ. తను అరెస్టు చేసినవాళ్ల తరఫునే కోర్టులో వాదిస్తాడు.

ఇంకొకటి. దర్శకుడు మెల్ బ్రూక్స్ అని రాశాను. కాదు, కార్ల్ రైనర్. 1982లో ‘డెడ్ మెన్ డోంట్ వేర్ ప్లాయిడ్’ కోసం పాత నోయిర్ సినిమాల అసలు ముక్కల్నే తెచ్చి స్టీవ్ మార్టిన్ సీన్ల మధ్య అతికించిందీ ఆయనే. అలాంటి మనిషి పేరు తప్పు రాసినందుకు నిజంగా బాధగా ఉంది. పాత పోస్టులో రెండూ సరిచేశాను.