500 మిల్లీమీటర్ల నంబరు ప్లేటు గారికి ఒక విన్నపం

మ.రా.రా.శ్రీ హై సెక్యూరిటీ నంబరు ప్లేటు గారి సముఖానికి,

నమస్కారములు. తమరిని నా పాత కారు ముందు బంపరుకు బిగించిన శుభ సందర్భాన్ని పురస్కరించుకొని, ఇంటికి వచ్చి కాళ్లైనా కడుక్కోకుండా ఈ లేఖ రాస్తున్నాను. ప్లేట్లు బిగించే కేంద్రం వారు రెండు గంటలకు రమ్మని సందేశం పంపి నాలుగు దాటాక పిలిచినందుకు గానీ, అంతసేపూ నీడ లేని ఆవరణలో నిలబెట్టినందుకు గానీ నాకు పేచీ ఏమీ లేదు. మన దగ్గర ఏ పని కావాలన్నా చెల్లించక తప్పని మామూలు సుంకాలే అవి. నా గోడు అంతా తమరి పొడవు గురించి.

తమరి పొడవు 500 మిల్లీమీటర్లు, ఎత్తు 120. నా కారు ముందు బంపరు అటూ ఇటూ వెనక్కి వంపు తిరిగి ఉంటుంది. తమరు వంగే రకం కాదు. అందుచేత నడుము దగ్గర మాత్రం బంపరును ఆనుకొని, రెండు చివరలూ గాలిలో నిలబెట్టుకొని, బిందెకు చెక్క ఆనించినట్టు దర్శనమిస్తున్నారు. ఎడమ చివర వెనుక నా రెండు వేళ్లు సునాయాసంగా దూరుతున్నాయి. ఇరుకు పార్కింగులో పక్కనుంచి నడిచే వారి ప్యాంటును ఆ అంచు పట్టుకొని ఆపే రోజు కూడా ఎంతో దూరంలో లేదు.

ఇంతకాలం ఈ స్థానంలో ఉన్న ప్లేటును మా వీధి చివరి స్టిక్కర్ల దుకాణం ఆయన చేసి ఇచ్చాడు. ఆయన టేపు తెచ్చి, బంపరు ముందు గొంతుక్కూర్చుని, వంపు ఎక్కడ మొదలవుతుందో చూసి సుద్దముక్కతో రెండు గీతలు గీసి, ఆ గీతల మధ్య పట్టేంత రేకును కత్తిరించి, నంబరును రెండు వరుసలుగా అంటించాడు. అక్షరాల ఎత్తు నియమం చెప్పినట్టే 65 మిల్లీమీటర్లు. ఆయనకు హోలోగ్రాము వేయడం రాదు, ఒప్పుకుంటాను. కానీ కొలవడం వచ్చు.

పొట్టి ప్లేటు చట్టవిరుద్ధమని తమరు అనబోతున్నట్లయితే, దయచేసి 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళిలో 50వ నియమం చదువుకోండి. కార్లకు 500 × 120 అయినా సరే, 340 × 200 అయినా సరే అని అందులో స్పష్టంగా ఉంది. ఆ రెండో కొలత వారు తమరి సొంత తమ్ముడే కదా! ఎన్నో కార్ల వెనుక భాగంలో ఆయన హాయిగా కొలువుదీరి ఉన్నారు. వెనుక చెల్లిన మనిషి ముందు ఎందుకు చెల్లడని కేంద్రం వారిని అడిగితే, “మీ మోడలుకు ముందు ఇదే చూపిస్తోంది సార్, సిస్టంలో మార్చడానికి లేదు” అన్నారు. సిస్టం వారు నా బంపరును ఎప్పుడు వచ్చి చూసి వెళ్లారో నాకు తెలియదు.

లెక్క కూడా పెద్ద కష్టమైనదేమీ కాదు. వంపు మీద ఆనించిన చదును రేకు చివర ఏర్పడే ఖాళీ, రేకు పొడవును బట్టి కాక ఆ పొడవు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. వంపు వ్యాసార్ధం ఒకటిన్నర మీటర్లు అనుకుంటే తమరి చివర ఖాళీ దాదాపు 21 మిల్లీమీటర్లు వస్తుంది. తమ్ముడు గారికైతే పది లోపే. పొడవు మూడో వంతు తగ్గితే ఖాళీ సగానికి పైగా తగ్గిందన్నమాట. ఎత్తు 80 మిల్లీమీటర్లు పెరుగుతుంది కదా అంటారేమో. గాలి లోపలికి పోయే జాలీకి అడ్డం వచ్చే కార్ల విషయంలో అది న్యాయమైన మాటే, కానీ నా బంపరులో అక్కడ ఉన్నది ఉత్త ప్లాస్టిక్కు.

2001లోనే తమరు నియమాలలోకి ఎక్కారు. కొత్త బండ్లన్నింటికీ తప్పనిసరి అయింది 2019 ఏప్రిల్ 1 నుంచి. ఆ పద్దెనిమిదేళ్లలో అశోకచక్రం హోలోగ్రాము 20 మిల్లీమీటర్లు ఉండాలనీ, ‘ఇండియా’ అనే మాట సరిగ్గా 45 డిగ్రీల వాలులో పడాలనీ, లేజరుతో సంఖ్య చెక్కాలనీ అందరూ కూర్చొని తేల్చారు. కార్ల ముక్కులు గుండ్రబడుతున్నాయన్న సంగతి మాత్రం ఎవరి కంటా పడలేదు. లక్షలు పోసి వేలంలో 9999 కొనుక్కున్న వారికి కూడా ఈ రేకే ఇస్తారన్నది నాకు మిగిలిన ఏకైక ఓదార్పు.

ఇక ఆ బిగింపు సంగతి. బిగించే కుర్రవాడు మీ రెండు చివరలనూ అరచేతులతో నొక్కి వంచబోయాడు. మీరు వంగినట్టే వంగి, వదలగానే మళ్లీ చాచుకున్నారు, మధ్య అంకె మీద ఒక ముడత మాత్రం మిగిల్చారు. చివరల వెనుక చెరొక రబ్బరు బుష్షు పెట్టి బిగించు బాబూ అని బతిమాలాను. “మా దగ్గర ఉండవు సార్, బయట పెట్టించుకోండి” అన్నాడు. బయట పెట్టించాలంటే, ఒకసారి బిగిస్తే తెంచితే గానీ ఊడని ఆ స్నాప్ లాక్ అనే తాళాన్ని తెంచాలి, తెంచిన లాక్ మళ్లీ పనికిరాదు, లాక్ లేని ప్లేటు చెల్లదు, మళ్లీ స్లాటు, మళ్లీ డబ్బు, మళ్లీ ఇదే 500! బుష్షు పెట్టనివ్వవు, తమ్ముణ్ణి రానివ్వవు, నువ్వూ సరిగ్గా కూర్చోవు! నిన్ను ఎవరూ ఎత్తుకుపోకుండా ఇన్ని తాళాలు వేశారు గానీ, నీ అంచు నుంచి మమ్మల్ని కాపాడే తాళం ఒక్కటి పెట్టారా? పాత రంధ్రాలు నీ పొడవుకు కలవలేదని, నిక్షేపంలాంటి బంపరుకు మరో రెండు పొడిపించుకున్నావు.

క్షమించాలి, మాట తూలింది. మా ఆవిడ మాత్రం తమరి రాకకు సంతోషించింది; శనివారం నిమ్మకాయా మిరపకాయలూ కట్టడానికి కుడి చివర వెనుక ఖాళీని అప్పుడే ఖాయం చేసింది.

తమరి పెద్దలకు నా మనవి ఒకటి చేరవేయండి. బుకింగు పేజీలో ముందు ప్లేటుకు కూడా రెండు కొలతలూ చూపించి, ఎంచుకునే వీలు బండివాడికి ఇవ్వమనండి. దానికి మరో పద్దెనిమిదేళ్లు పట్టేటట్టయితే, ఈలోగా బిగించే కుర్రవాడి సంచిలో కాసిని రబ్బరు బుష్షులైనా వేయమనండి.

ఇట్లు,
బంపరుకు నాలుగు రంధ్రాలున్న కారు యజమాని