కొలంబోకి శాపం అంటగట్టే ఆ మెసేజ్ ఇక ఆపండి

పొద్దున్నే ఫోన్ తీస్తే మళ్లీ అదే మెసేజ్, కొలంబో అనే డిటెక్టివ్ కథలతో వచ్చిన పాత అమెరికన్ టీవీ సీరియల్ గురించి. "కొలంబో మొదటి ఎపిసోడ్ గురించి మీకు తెలియని నిజాలు" అని మొదలై "అందరికీ షేర్ చేయండి" అని ముగుస్తుంది. పాత డిటెక్టివ్ సీరియళ్లంటే నాకు ప్రాణమని తెలిసిన ప్రతి ఒక్కరూ నాకే పంపుతున్నారు. ఆ మొదటి ఎపిసోడ్ 'మర్డర్ బై ద బుక్' మీద ఇష్టంతోనే పంపుతున్నారు, కాదనను. కానీ అందులో చాలావరకు తప్పులే, ఒకటైతే తప్పు కంటే దారుణం.

చిన్నవి ముందు తేల్చేస్తాను. కొలంబో పాత్రలో నటుడు పీటర్ ఫాక్ మొదటిసారి కనిపించింది ఇందులోనేనట. కాదు. 1971 సెప్టెంబర్ 15న సీరియల్‌గా మొదలైనప్పుడు వచ్చిన మొదటి కథ ఇది, అంతకుముందే 1968లో ఒకటి, 1971 మార్చిలో ఒకటి టీవీ సినిమాలు వచ్చాయి. స్పీల్‌బర్గ్ డైరెక్ట్ చేసిన మొట్టమొదటిది కూడా ఇదేనట. 1969లోనే ఆయన నైట్ గ్యాలరీ అనే టీవీ సీరియల్ కోసం హాలీవుడ్ నటి జోన్ క్రాఫర్డ్‌ని డైరెక్ట్ చేశాడు. ఫాక్ ఒక కన్ను చిన్నది చేసి చూడటం నటనట! మూడేళ్ల వయసులోనే ఆయన కుడికన్ను తీసేశారు, అది గాజుకన్ను.

హంతకుడు ముందే తెలిసిపోతాడు కాబట్టి సస్పెన్స్ లేదట. కథేంటంటే, కెన్, జిమ్ అనే ఇద్దరు రచయితల పేరు మీద నవలలు వస్తుంటాయి, రాసేది మాత్రం జిమ్ ఒక్కడే. అతను విడిపోతానంటాడు. మొదటి సీన్‌లో రోడ్డు మీద కెన్ కారు వస్తుంటే ఇంజన్ చప్పుడు ఉండదు, జిమ్ టైప్‌రైటర్ టకటకలే వినిపిస్తుంటాయి. తర్వాత కెన్ అతన్ని ఊరవతల తన కేబిన్‌కి తీసుకెళ్లి, ఆఫీసులోనే ఉన్నానని జిమ్ చేతే అతని భార్యకి ఫోన్‌లో చెప్పించి, ఆమె వింటుండగానే కాల్చేస్తాడు. చెవులారా విన్న ఆవిడ సాక్ష్యమే అబద్ధమైపోయింది, దాన్ని కొలంబో ఎలా విప్పుతాడు? జిమ్ శవం తన ఇంటి ముందు పడి ఉందని పోలీసులకి ఫోన్ చేసిన కెన్ తీరిగ్గా ఉత్తరాలు ఎలా విప్పుకున్నాడన్న దగ్గర కొలంబోకి అనుమానం పట్టుకుంటుంది. ఇందులో టెన్షన్ కనిపించకపోతే నేనేం చేయలేను.

ఇక అసలు సంగతి. కెన్‌ని బ్లాక్‌మెయిల్ చేసే లిల్లీ పాత్ర వేసిన బార్బరా కోల్బీ నిజజీవితంలోనూ "అచ్చం అలాగే" హత్యకు గురైందట, కెన్ వేసిన జాక్ క్యాసిడీ మంటల్లో పోయాడట, కాబట్టి ఈ ఎపిసోడ్‌కి శాపం ఉందట. అచ్చం అలాగేనా? కథలో లిల్లీని సీసాతో కొట్టి సరస్సులో పడేస్తారు. కోల్బీ 1975 జూలైలో లాస్ ఏంజిలెస్‌లో యాక్టింగ్ క్లాసు ముగించుకుని తోటి నటుడితో బయటికి వస్తుంటే ఎవరో ఇద్దరినీ కాల్చేశారు. ఆమెకి అప్పుడు 36 ఏళ్లు, ఫిలిస్ అనే కొత్త సీరియల్లో అప్పుడే నటించడం మొదలుపెట్టింది. ఆ కేసు ఇప్పటికీ తేలలేదు. ఒక మనిషిని చంపినవాళ్లు దొరక్కపోతే దానికి శాపమని పేరు పెట్టి, దండం ఎమోజీ తగిలించి పంపుతారా? క్యాసిడీ 1976లో తన అపార్ట్‌మెంట్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో పోయిన మాట నిజమే. మరి జిమ్‌గా వేసిన మార్టిన్ మిల్నర్ 2015 వరకు బతికాడే? జిమ్ భార్యగా వేసిన రోజ్‌మేరీ మర్ఫీ 2014 వరకు ఉందే? ఫాక్ అదే పాత్రని 2003 దాకా వేశాడే? వాళ్లని శాపం మర్చిపోయిందా? తెర మీద చచ్చిన వాళ్లందరికీ శాపం తగిలేట్టయితే కొలంబోలో ఒక్క నటుడూ మిగలకూడదు!

ఒక్కటి మాత్రం ఒప్పుకుంటాను. చివర్లో సాక్ష్యం బలహీనంగా ఉందని మెసేజ్‌లో రాశారు, అది నిజం. జిమ్ కాగితాల్లో ఈ హత్య ప్లాను రాసి ఉందని కొలంబో చూపిస్తాడు. నవలలు రాసేవాడి దగ్గర హత్య ప్లానులు కాక ఇంకేం ఉంటాయి? ఏ లాయరైనా దాన్ని నిమిషంలో కొట్టిపారేస్తాడు. అది తన ఐడియా అని చెప్పుకోకుండా ఉండలేక కెన్ నోరు విప్పాడు కాబట్టి సరిపోయింది, లేకపోతే కొలంబో చేతిలో కోర్టుకి పనికొచ్చేది ఏమీ లేదు.