‘నేను’ అనబడే శాల్తీకి బహిరంగ లేఖ

ఓయ్ నేనూ,

ముందుగా ఒక చిక్కు. నిన్ను ఏమని పిలవాలి? ‘నువ్వు’ అందామంటే శంకరాచార్యులవారు అడ్డం పడుతున్నారు. బ్రహ్మసూత్ర భాష్యం మొదటి వాక్యంలోనే ఆయన, ‘నువ్వు’ అనిపించేదీ ‘నేను’ అనిపించేదీ చీకటీ వెలుతురూ లాంటివి, ఒకటి ఇంకొకటి కాలేదు అని తేల్చేశారు. అంటే నిన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని ఉత్తరం రాయడమే తప్పన్నమాట. పోనీ ‘మీరు’ అందామంటే, అద్వైతులంతా నువ్వు ఒక్కడివే అని ఘోషిస్తున్నారు, మళ్లీ బహువచనం ఎందుకు దండగ. ఏకవచనంలోనే కానిస్తాను. 66 ఏళ్లుగా ఒకే కంచంలో తింటున్నాం, ఆ మాత్రం చనువుంది.

విషయానికొస్తాను. మొన్న నవంబరులో, పెన్షన్ కోసం బతికే ఉన్నానని చెప్పే లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి బ్యాంకుకి వెళ్లాం గదా, నువ్వూ నేనూ. (చూశావా, అప్పుడే ఇద్దరమైపోయాం.) గంటన్నర క్యూ. కౌంటర్లో అమ్మాయి బొటనవేలు పెట్టమంది. పెట్టాను. ఎర్ర లైటు. తుడుచుకుని పెట్టమంది. మళ్లీ ఎర్ర లైటే. చూపుడువేలు, ఉంగరపు వేలు, ఎడమ చెయ్యి... పది వేళ్లూ అయిపోయాయి. చివరికి ఆ అమ్మాయి ఎంతో మర్యాదగా, “సార్, మీరు మీరే అని రావట్లేదండీ” అంది. వెనకనుంచి ఒక పెద్దాయన, “అంట్లు తోమితే గీతలు అరిగిపోతాయండీ, నాకూ ఇదే బాధ” అని సానుభూతి చూపించాడు. రిటైరయ్యాక మా ఇంట్లో అంట్లు ఎవరు తోముతున్నారో బ్యాంకంతటికీ తెలిసిపోయింది.

“అదేంటమ్మా, నేను నీ ఎదురుగానే ఉన్నాగా!” అన్నాను. “నాకు కనపడుతున్నారు సార్, సిస్టంలో కనపడట్లేదు” అంది. సోమవారం మళ్లీ రమ్మంది.

కాబట్టి ఈ ఉత్తరాన్ని మెమో అనుకో. ఇన్నేళ్లు నా ఒంట్లో ఉంటూ, తీరా ఒక్కరోజు సాక్ష్యానికి పిలిస్తే ఎక్కడికి పోయావో సంజాయిషీ ఇచ్చుకోవాలి.

ఇంటికొచ్చి నీ తరఫున సాక్షుల కోసం పుస్తకాలు తిరగేశాను. మొదట తగిలినవాడు ఫ్రాన్సు దేశపు తత్వవేత్త దెకార్త్. 1619 చలికాలంలో, జర్మనీలో, పొయ్యి వెచ్చగా ఉన్న గదిలో ఒంటరిగా కూర్చుని ఆలోచనలో పడ్డాడట. ఆ తర్వాత్తర్వాత కళ్లని అనుమానించాడు, చేతుల్ని అనుమానించాడు, ఆఖరికి లెక్కల్ని కూడా వదల్లేదు. అనుమానించేవాడు ఒకడున్నాడు కదా అని చివరికి నిన్ను పట్టుకున్నాడు. ‘ఆలోచిస్తున్నాను, కాబట్టి ఉన్నాను’ అని 1637లో అచ్చేశాడు. మెదడు మధ్యలో పీనియల్ గ్రంథి అని నీకొక చిన్న గది కూడా చూసిపెట్టాడు. ఇంత చేసిన మనిషి గతి ఏమైంది? 1650లో స్టాక్‌హోంలో పోయాడు. ఎముకలు తర్వాత ఫ్రాన్సు చేరాయి. ఇప్పుడవి పారిస్‌లో ఒక చర్చిలో ఉన్నాయి, ఆయనదేనంటున్న పుర్రె మాత్రం అదే ఊళ్లో ఒక మ్యూజియంలో ఉంది. ఆలోచించిన ముక్క ఒకచోట, ఉన్న ముక్క ఒకచోట. మధ్యలో ఆ ‘కాబట్టి’ ఏమైందో నువ్వే చెప్పాలి.

తప్పు ఆయనది కాదేమో, ఆయన భాషది. ఫ్రెంచిలో క్రియ ముందు ‘నేను’ పెట్టకపోతే వాక్యం నిలబడదు. 18వ శతాబ్దంలో లిచ్టెన్‌బర్గ్ అనే జర్మన్ ఫిజిక్స్ ప్రొఫెసరు ఈ కిటుకు పట్టుకున్నాడు. ‘మెరుస్తోంది’ అన్నట్టే ‘ఆలోచన జరుగుతోంది’ అనాలిగానీ, అందులోకి ‘నేను’ని లాక్కురావడం ఎక్కువ అన్నాడు. పాపం, ఆయన తెలుగు విని ఉండడు. మెరుస్తోంది, ఉరుముతోంది అన్న వరసలోనే మనకి ఆకలేస్తోంది, నిద్రొస్తోంది, విసుగ్గా ఉంది, భయమేస్తోంది, అనిపిస్తోంది. ఎవరికీ అని మరీ నిలదీస్తే ‘నాకు’ అంటాం. అంటే అక్కడ నువ్వు పని చేసేవాడివి కూడా కాదు, ఉత్తరాలు వచ్చి పడే అడ్రసువి. కోపం మనం తెచ్చుకోం, అదే వస్తుంది. దెకార్త్ ఏ తెనాలిలోనో పుట్టి ఉంటే ‘ఎందుకో అలా అనిపిస్తోంది’ అని ఊరుకునేవాడు.

అలాగని తెలుగులో నువ్వు లేకపోలేదు. తోకలా ఉన్నావు. వచ్చాను, తిన్నాను, పడుకున్నాను అంటూ క్రియ చివర ‘ను’ అయి వేలాడుతుంటావు. ఎక్కడ వేలాడాలో నీకు బహు బాగా తెలుసు. ఇల్లు ‘కట్టాను’. పిల్లల్ని ‘చదివించాను’. గ్లాసు మాత్రం ‘పగిలిపోయింది’. పాలు ‘పొంగిపోయాయి’. బోనస్ డబ్బులు ‘ఖర్చయిపోయాయి’. 38 ఏళ్ల కాపురంలో మా ఆవిడ ‘గ్లాసు ఎలా పగిలింది?’ అని అడిగిన ఏ ఒక్కసారీ క్రియ చివర నువ్వు కనపడలేదు. నా అసలు ఫిర్యాదు ఇదే. సన్మానానికి ముందు వరసలో కుర్చీ వేసుకుని కూర్చుంటావు, బిల్లు కట్టే టైముకి చేతులు కడుక్కోవడానికి వెళ్లిపోతావు.

ఈ బుద్ధిని ఇంగ్లండులో జాన్ లాక్ అనే తత్వవేత్త పసిగట్టాడు. తన పెద్ద గ్రంథానికి 1694లో రెండో ముద్రణ వేస్తూ ఒక అధ్యాయం కొత్తగా కలిపి, నువ్వంటే కోర్టు వ్యవహారం అన్నాడు. ఏ పనికి మెప్పు ఎవరికి, శిక్ష ఎవరికి అని తేల్చడానికే నువ్వు కావాలి. ఒళ్లు కాదు, లోపలెక్కడో దాచిన ఆత్మ అనే సరుకూ కాదు, గుర్తున్నంత మేరా నువ్వే. రాజకుమారుడి జ్ఞాపకాలన్నీ ఒక చెప్పులు కుట్టేవాడి ఒంట్లోకి వచ్చేస్తే, పైకి ఎలా కనపడినా అతను రాజకుమారుడే. వినడానికి బాగానే ఉంది. కానీ నా కేసుకి పెట్టి చూస్తే కొంప మునుగుతోంది. 1983 నుంచి 2019 దాకా స్టేషన్‌లో టికెట్లు అమ్మాను. అందులో గట్టిగా గుర్తున్నవి ఒక తుఫాను రాత్రి, రెండు పుష్కరాల రద్దీలు, ఇంక్రిమెంటు ఆగిన ఏడాది. లాక్ గారి లెక్కన పెన్షన్ కడితే నెలకి పాల డబ్బులు కూడా రావు. (చేరిన కొత్తలో మేం అమ్మింది అట్టముక్క టికెట్లు. వాటి మీద ఊరి పేరే తప్ప మనిషి పేరుండేది కాదు. ఎవరూ ఎవరో కాకుండానే హాయిగా బెజవాడ చేరిపోయేవాళ్లు.)

లాక్‌కి జవాబు స్కాట్లండునుంచి వచ్చింది. థామస్ రీడ్ 1785లో ఒక కథ చెప్పాడు. ఒక పిల్లాడు తోటలో పళ్లు దొంగిలించి దెబ్బలు తిన్నాడు. పెద్దయ్యి సైన్యంలో చేరి శత్రువు జెండా పట్టుకున్నాడు. ముసలితనానికి సేనాధిపతి అయ్యాడు. జెండా పట్టిన నాటికి చిన్నప్పటి దెబ్బలు గుర్తున్నాయి. సేనాధిపతి అయ్యేసరికి జెండా గుర్తుంది, దెబ్బలు గుర్తులేవు. లాక్ ప్రకారం ఈ సేనాధిపతి ఆ పిల్లాడూ అవుతాడు, కాకుండానూ పోతాడు. తర్కం తర్కమే అనుకో, నాకు మాత్రం చదువుతుంటే నీ మొహమే కనపడింది. జెండా నీది, పళ్ల దొంగ ఎవరో.

అదే స్కాట్లండువాడు డేవిడ్ హ్యూమ్ మరీ మొండివాడు. నిన్ను చూసి తీరాలని స్వయంగా లోపలికి వెళ్లాడు. వెళ్లిన ప్రతిసారీ వేడో చలో, వెలుగో నీడో, ఇష్టమో అసహ్యమో తగిలిందిగానీ నువ్వు తగల్లేదన్నాడు. అనుభవాల మూట ఉందట, కట్టినవాడు లేడట. 1739లో ఇంత ధీమాగా అచ్చేసి, మరుసటేడు అనుబంధంలో, ఈ విషయంలో చిక్కుదారిలో పడ్డాను, బయటపడే దారి తెలియట్లేదు అని ఒప్పేసుకున్నాడు. తత్వవేత్తల్లో ఇంత నిజాయితీ నేనెక్కడా చూడలేదు. బుర్ర వేడెక్కినప్పుడు స్నేహితులతో భోంచేసి, పాచికలు వేసి బ్యాక్‌గామన్ ఆడుకునేవాడట, అదీ నచ్చింది. ఇక్కడిదాకా గౌరవమే. కానీ 1776లో, పోయేముందు నాలుగు నెలలు మిగిలాయనగా, ఏం రాశాడో తెలుసా? ఆత్మకథ! పైగా, తన గురించి తాను ఎక్కువసేపు చెప్పుకుంటే డాబు దొర్లుతుంది కాబట్టి క్లుప్తంగా ముగిస్తానన్నాడు. లేనివాడికి డాబు ఎక్కడిదయ్యా? మూట విప్పి చూపించినవాడి చేతే మళ్లీ మూట కట్టించావు. నీ సామర్థ్యానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

మన వైపు సాక్షులూ తక్కువేం కాదు. మిళిందుడనే గ్రీకు రాజు నాగసేనుడనే బౌద్ధ భిక్షువుని పేరడిగితే, పేరైతే ఉందిగానీ ఆ పేరుతో లోపల మనిషెవరూ లేడన్నాడాయన. రాజుకి తిక్కరేగింది. అప్పుడు నాగసేనుడు అడిగాడు: నువ్వు రథం మీద వచ్చావు కదా, ఇరుసు రథమా? చక్రాలు రథమా? కాడి రథమా? ఏదీ కాదు. అన్నీ కలిపితే వాడుకలో ‘రథం’. నువ్వూ అంతేనట. రాజు తిరిగి వెళ్లేటప్పుడు ఆ పేరునే ఎక్కి వెళ్లాడేమో.

ఈ వాదాన్ని చివరికంటా లాగినవాడు బౌద్ధ ఆచార్యుడు నాగార్జునుడు. శరీరం, వేదనలు వగైరా స్కంధాలే నువ్వయితే వాటితోపాటు పుట్టి చస్తావు, వాటికి వేరయితే వాటి గుణాలేవీ నీకుండవు అన్నాడు. ఎటూ ఇరుక్కున్నావు. శాతవాహన రాజుకి స్నేహితుడని ఆయన గురించి సంప్రదాయం చెబుతుంది. ఆయన పేరు మోస్తున్న నాగార్జునకొండకి ఏమైందో చూడు. కృష్ణ మీద డ్యామ్ వస్తే లోయ మునుగుతుందని 1954 నుంచి 1960 దాకా తవ్వారు. దొరికిన కట్టడాల్లో కొన్నిటిని అక్కణ్ణుంచి ఎత్తి కొండమీద, అనుపులో మళ్లీ కట్టారు. కొన్నిటికి నమూనాలు చేసి పెట్టారు. ఊరు నీళ్లకింద, కొండ దీవి, పేరు మాత్రం చెక్కుచెదర్లేదు. లాంచీ దిగి చూస్తూ, ఇది అసలు నాగార్జునకొండేనా అని పక్కాయన్ని అడిగాను. “టికెట్ మీద అలాగే ఉంది కదండీ” అన్నాడు. నాగార్జునుడి కారికలకి, అంటే ఆ వాదం ఉన్న శ్లోకాలకి, అంత సులువైన వ్యాఖ్యానం నేను వినలేదు.

అన్నిటికంటే నా బాధ తెలిసినవాడు ఛాందోగ్యోపనిషత్తులో ఇంద్రుడు. నీ ఆచూకీ కోసం ఇంద్రుడూ విరోచనుడూ ప్రజాపతి దగ్గరికి వెళ్లారు. 32 ఏళ్లు కూర్చోబెట్టి, నీళ్ల పళ్లెంలో చూసుకోమన్నాడు. నగలు పెట్టుకుని చూసుకున్నారు, భలేగా కనపడ్డారు. విరోచనుడు సంతోషంగా ఇంటికెళ్లి, ఒళ్లే ఆత్మ, దానికే పూజ చెయ్యండి అని అసురులకి చాటింపు వేశాడు. (సెల్ఫీ జోకు మీరే వేసుకోండి, నాకు ఓపిక లేదు.) ఇంద్రుడికి దారిలో సందేహం వచ్చింది: ఒళ్లు గుడ్డిదైతే ఇదీ గుడ్డిదవుతుంది కదా? వెనక్కొచ్చాడు. ఇంకో 32 ఏళ్లు. కలలో తిరిగేవాడే నువ్వు అన్నాడు ప్రజాపతి. మళ్లీ సందేహం, మళ్లీ 32. గాఢనిద్రలో ఉన్నవాడే అన్నాడు. అక్కడ తానున్నానని తనకే తెలియదు కదండీ అన్నాడు ఇంద్రుడు. మరో 5. మొత్తం 101 సంవత్సరాలు! దేవతల రాజునే ఇన్నిసార్లు ‘మళ్లీ రా’ అని తిప్పితే, కౌంటర్లో అమ్మాయి నన్ను ఒక్క సోమవారానికి వాయిదా వెయ్యడం దయకిందే లెక్క.

ఇక 1896లో మదురైలో 16 ఏళ్ల కుర్రాడు, ముందు ముందు రమణ మహర్షి కాబోయేవాడు, ఉన్నట్టుండి చావు భయం పట్టుకుంటే శవంలా బిగుసుకుని పడుకుని, ఒళ్లు పోతే నేనూ పోతానా అని చూశాడు. పోనని తేల్చుకున్నాడు. ఈ పద్ధతి బ్యాంకులో ప్రయత్నిద్దామా అనుకున్నాను. లైఫ్ సర్టిఫికెట్ అడుగుతూ నేలమీద శవంలా పడుకుంటే సెక్యూరిటీ వాళ్లు ఎలా అర్థం చేసుకుంటారోనని ఆగాను.

సోమవారం పదింటికల్లా తయారుగా ఉండు. దెకార్త్‌నీ హ్యూమ్‌నీ తేవద్దు. బొటనవేలు పట్టుకుని రా, చాలు.

ఇట్లు,
(ఇక్కడ సంతకం పెట్టాల్సింది కూడా నువ్వే. పోయినసారిలా ఇదీ కలవకపోతే ఊరుకోను.)

తా.క.: వేలికి కొబ్బరినూనె రాసి, గీతలు తేలేదాకా వారం రోజులు పీచు ముట్టుకోవద్దని ఆ క్యూలో పెద్దాయన సలహా ఇచ్చాడు. ఆ మాటే మా ఆవిడకి చెప్పాను. “మరి అంట్లు?” అంది. “అవే అయిపోతాయిలే” అన్నాను. ఆ వాక్యంలో నీకోసం ఆవిడ చాలాసేపు వెతికింది.