ఆ చిల్లులు మూయకండి: కారు తలుపు రబ్బరు సందేశానికి జవాబు

ప్రతి ఏడూ తొలకరితో పాటు మా రాయగడలో ఒక వాట్సాప్ సందేశం కూడా మొలకెత్తుతుంది. ఈసారి గుణుపురంలోని మా పిన్ని కొడుకు, పర్లాకిమిడి మిత్రుడు, మా వీధివాళ్లు, ముగ్గురూ దాన్నే పంపారు. సారాంశం ఇది: "కారులోకి వాన నీరు వస్తోందంటే తప్పు తలుపు రబ్బరుదే. షోరూముకు వెళ్లి మోసపోకండి. మీటర్ల లెక్కన దొరికే బీడింగ్ తెచ్చి పాత రబ్బరు మీదే అంటించండి. సందుల్లో సిలికాన్ నింపండి. తలుపు అడుగున చిల్లులుంటాయి, రోడ్డు మీది నీరు ఎక్కేది వాటి నుంచే, మూసేయండి. నెలకోసారి గ్రీజు రాయండి. పది నిమిషాల పని."

ప్రతి చిన్న పనికీ షోరూముకు పరుగెత్తనక్కర్లేదన్న మాట వరకు నాకూ సమ్మతమే.

అన్నింటికంటే చెడ్డ సలహా చిల్లులు మూయమనడం, కాబట్టి ముందు దాని సంగతి. కారు తలుపు లోపలి భాగం తడవకుండా ఉండాలని ఎవరూ తయారు చేయలేదు. అద్దం పైకీ కిందికీ కదలాలి. అందుకని దాని బయటి అంచున ఉండే రబ్బరు పట్టీ నీటిని తుడుస్తుందే గాని పూర్తిగా ఆపదు. అద్దం మీది నుంచి జారిన నీరు తలుపు పొట్టలోకి దిగి, అడుగున ఉన్న చిల్లుల గుండా నేల మీదికి పోతుంది. అది దాని దారి.

నిరుడు శ్రావణంలో మూడు రోజుల ముసురు తరువాత అక్కావాళ్ల ఇంటికి వెళ్లాను. బావగారు కారు తలుపు తెరవగానే సగం నిండిన బిందె కదిలినట్టు లోపల చప్పుడు.

"అడుగున చిల్లులు ఎవరు మూశారు బావగారూ?"

"నేనే. ఫోనులో వచ్చింది కదా!" అన్నారు, కాస్త గర్వంగానే.

స్క్రూడ్రైవరుతో ఆ సిలికాన్ ముద్దను పొడిచి లాగాను. ముందు కుళ్లిన వేపాకు ఒకటి, దాని వెనకే టీ రంగు నీరు, నా చెప్పుల మీదుగా కాలువ కట్టింది. తలుపు అడుగు అంచున అప్పటికే పెయింటు బుడగలు లేచింది. రోడ్డు నీరు ఎక్కుతుందన్న భయం సంగతా? 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు వంశధార పొంగినప్పటి లాంటి నీటిలో బండి దింపితే చిల్లులు మూసినా, తెరిచినా ఫలితం ఒకటే.

ఇక తప్పంతా తలుపు రబ్బరుదే అన్న మాట. తడి ఎక్కడ, ఎప్పుడు కనిపిస్తోందో చూడకుండా ఆ తీర్పు ఎలా ఇస్తారు? వాన లేని రోజున, ఏసీ నడిచాక ముందు సీటు కింద తడిస్తే అది ఏసీ నీరు బయటికి పోయే గొట్టం పూడుకుపోవడం వల్ల కావచ్చు. చెట్టు కింద నిలిపే కార్లకు ముందు అద్దం కింది జాలీలో ఆకులు చేరి, నీరు పక్కదారి పడుతుంది. సన్‌రూఫ్ ఉంటే దాని మూలల గొట్టాలూ అంతే. కోరాపుట్ ఘాట్‌లో వాలుగా నిలిపినప్పుడే నీరు వస్తే ముందు వీటినే అనుమానించాలి. డోర్ ప్యాడ్ (తలుపు లోపలి వైపు పలక) వెనక ఒక ప్లాస్టిక్ షీటు అతికి ఉంటుంది. తలుపు పొట్టలోని నీటిని లోపలి వైపు రానివ్వనిది అదే. కొత్త స్పీకర్లు బిగించేటప్పుడు దాన్ని చింపేస్తారు, మళ్లీ ఎవరూ అతికించరు.

రబ్బరునే పరీక్షించాలంటే పది రూపాయల నోటు చాలు. తలుపు సందులో పెట్టి మూసి లాగండి. పట్టి పట్టి వస్తే అక్కడ రబ్బరు నొక్కుకుంటోంది, జారి వచ్చేస్తే లేదు. తలుపు చుట్టూ నాలుగైదు చోట్ల చేయండి. మా ఎర్రమట్టి కూడా సాక్ష్యం చెబుతుంది: రబ్బరును దాటి లోపలికి ఎర్రటి చార ఎక్కడ పడిందో గాలీ నీరూ చొరబడేది అక్కడే. చివరగా ఒకరు టార్చితో లోపల కూర్చోవాలి, ఇంకొకరు పైపుతో మెల్లగా నీళ్లు పోయాలి. కింది నుంచి మొదలుపెట్టి పైకి వెళ్లాలి. పై నుంచి పోస్తే అన్నీ ఒకేసారి తడిసి దారి తెలియదు.

పాత రబ్బరు మీదే కొత్తది అంటిస్తే ఏమవుతుంది? ఆ రబ్బరు లోపల బోలుగా ఉంటుంది, నొక్కుకుని సందు మూయడమే దాని పని. చదునైపోయిన దాని మీద ఇంకో పొర వేస్తే తలుపు సరిగా పడదు. విసిరి మూయడం మొదలవుతుంది, ఒక చోట బిగిసి మరో చోట ఎడం మిగులుతుంది. అరిగినదాన్ని లాగేసి, ఆ మోడల్‌కు చేసిన రబ్బరే వేయాలి. పాతది తీశాక కనిపించే ఇనుప అంచు మీద తుప్పుంటే గీకి, ప్రైమర్, పెయింటు వేసి ఆరనివ్వాలి. ఈ పని ఒక్కటే ఆ పది నిమిషాలను మింగేస్తుంది. ఎక్కించేటప్పుడు రబ్బరును సాగదీయకూడదు. సాగిన రబ్బరు తరువాత ముడుచుకుని అతుకు దగ్గర నోరు తెరుస్తుంది. మూలల దగ్గర తొందరపడకుండా వేలితో నొక్కుకుంటూ వెళ్లాలి. మొదటి కొన్నాళ్లు తలుపు బిర్రుగా పడుతుంది, కంగారు వద్దు.

సందుల్లో నింపమన్న సిలికాన్ పేస్టు: వెనిగర్ వాసన వేసే రకం ఆరేటప్పుడు అసిటిక్ ఆమ్లాన్ని వదులుతుంది, పెయింటు లేచిన ఇనుమును తినేస్తుంది. దాని మీద పెయింటు కూడా నిలవదు. గ్రీజు: ఈ రబ్బర్లు ఎక్కువగా ఈపీడీఎమ్ అనే కృత్రిమ రబ్బరు రకం. పెట్రోలియం నూనెలు తగిలితే ఉబ్బి మెత్తబడతాయి. సబ్బు నీటితో కడిగి, గుడ్డతో సిలికాన్ స్ప్రే పలచగా రుద్దితే చాలు.

బావగారి కారు విషయానికొస్తే, అసలు దోషి వెనక తలుపులో చిరిగిన ప్లాస్టిక్ షీటు. దసరా ప్రయాణానికని స్పీకర్లు మార్పించినప్పటిది. కొత్త షీటు వేసి, జిగురుగా ఉండి నీటిని ఆపే బ్యుటైల్ టేపుతో అతికించాం. పాత రబ్బరు ఇంకా అలాగే ఉంది. ఆయన కొన్న అయిదు మీటర్ల బీడింగ్ ఇప్పుడు అక్కావాళ్ల వీధి తలుపు అడుగున జల్లు కొట్టకుండా చక్కగా పనిచేస్తోంది.