ఆసనం అంటే ముందు కూర్చోవడం

చెన్నై అశోక్ నగర్‌లో నేను వెళ్తున్న యోగా క్లాసులో మొదటి రోజు చేయించింది ఇంతే. కుర్చీలో కూర్చుని ఊపిరి తీసుకుంటూ చేతులు పైకెత్తడం, వదులుతూ దించడం. పన్నెండు సార్లు. తర్వాత చాప మీద పడుకోవడం. గోడకు అవతల జిమ్‌లో పాటలు దద్దరిల్లుతుంటే, ఇవతల మేం ఎనిమిది మందిమి ఫ్యాను చప్పుడు వింటూ పడుకున్నాం. లేచాక "అసలు యోగా ఎప్పుడు మొదలుపెడతారు మేడమ్?" అని అడిగాను. అరవై దాటిన ఆవిడ నవ్వి, "ఇవాళ్టికి అయిపోయింది సార్" అన్నారు.

ఫీజు దండగనిపించింది, దాచడమెందుకు. నెల తిరిగేసరికి ఆవిడదే రైటని తేలింది. నడుం నొప్పి తగ్గినందుకు కాదు, అదీ తగ్గిందనుకోండి. ఒకరోజు రాత్రి భోంచేస్తుంటే చారులో మిరియం ఘాటు విడిగా తెలిసింది. ఎన్నేళ్లుగానో ఫోను చూస్తూ మింగుతున్న చారే అది.

తెలుగులో నెమ్మది అనే మాటకు రెండు పనులున్నాయి. "నెమ్మదిగా నడువు" అంటే మెల్లగా అని. "జ్వరం నెమ్మదించింది" అంటే కుదుటపడిందని. కన్నడంవాళ్లకైతే నెమ్మది అంటే మనశ్శాంతే. ఇంత మంచి మాట నోట్లో పెట్టుకుని కూడా, మెల్లగా ఉండటమంటే వెనకబడటమేనని మనం నమ్మేశాం. చివరికి యోగాని కూడా ఆ పరుగులోకే లాగాం. 2025 జూన్ 21న విశాఖ తీరంలో 3 లక్షల మందికి పైగా ఒకేసారి ఆసనాలు వేసి గిన్నిస్ రికార్డు కొట్టారు. ముందురోజు ఆంధ్రా యూనివర్సిటీలో 22 వేల మందికి పైగా గిరిజన విద్యార్థులు 108 నిమిషాల్లో 108 సూర్య నమస్కారాలు చేశారు. ఆ పిల్లల కష్టాన్ని తక్కువ చేయను. కానీ నిమిషాలు లెక్కపెట్టి చేయిస్తే అది డ్రిల్లు. డ్రిల్లు మంచిదే, డ్రిల్లు అనే పిలుద్దాం.

ఈ వేగం ఎక్కడిదో తెలియాలంటే యోగా గురువు తిరుమలై కృష్ణమాచార్య దగ్గరికి వెళ్లాలి. 1888లో పుట్టి నూరేళ్లు నిండాక 1989లో కన్నుమూసిన మనిషి. 1930లలో మైసూరు మహారాజు నాలుగో కృష్ణరాజ ఒడెయరు ఆదరణతో జగన్మోహన ప్యాలెస్‌లో యోగశాల నడిపారు. అప్పుడాయన ముందున్నది కుర్రాళ్లు. ఊరూరా ప్రదర్శనలిచ్చి, జనం నోళ్లు వెళ్లబెట్టేలా చేస్తే తప్ప యోగాని పట్టించుకునేవాళ్లు లేని రోజులు. ఒళ్లు విల్లులా వంచి చెమటలు పట్టించే యోగా అక్కడ రూపు కట్టింది. తర్వాత ప్రపంచానికి యోగా నేర్పిన పట్టాభి జోయిస్, బి.కె.ఎస్. అయ్యంగార్ ఆ శాల నుంచి వచ్చినవాళ్లే. 1950లో శాల మూతబడింది. తర్వాత రెండేళ్లకు, పక్షవాతం వచ్చిన ఒక న్యాయవాది పిలిపిస్తే ఆయన మద్రాసు వచ్చి, ఇక్కడే ఉండిపోయారు.

మద్రాసులో ఆయన దగ్గరికి వచ్చింది రోగులు, వయసు మళ్లినవాళ్లు, ఇంటి చాకిరీతో నడుములు పడిపోయిన ఆడవాళ్లు. గురువు ఆయనే, యోగా మారిపోయింది. ఒక్కొక్కరిని విడిగా కూర్చోబెట్టుకుని, ఊపిరి ఎంత సాగితే చెయ్యి అంతే లేపమన్నారు. మనిషి యోగాకి తగ్గట్టు వంగడం కాదు, యోగాయే మనిషికి తగ్గట్టు వంగాలి. 96వ ఏట తుంటి ఎముక విరిగితే ఆపరేషన్ వద్దని, మంచం మీదే చేసుకునే సాధన తనకు తానే తయారుచేసుకున్నారు. ఆయన కొడుకు దేశికాచార్ 1976లో స్థాపించిన కృష్ణమాచార్య యోగ మందిరం ఇప్పటికీ ఈ నగరంలో నడుస్తోంది. ఇన్‌స్టాగ్రామ్‌లో మాత్రం మనకు కనపడేదంతా మైసూరు యోగాయే. గురువుగారు అరవై దాటాక చేరిన చోటికి మనం ఇంకా చేరలేదు, ఆయన నలభైల దగ్గరే ఫొటోలు దిగుతున్నాం.

పోనీ ఇది ఆయన సొంత కల్పనా అంటే, కాదు. పతంజలి యోగసూత్రాల్లో ఆసనం గురించి ఉన్న సూత్రాలు మూడంటే మూడే. "స్థిరసుఖమాసనం" అని అందరూ అప్పజెబుతారు. దాని వెనకే వచ్చే మాటను మింగేస్తారు: ప్రయత్న శైథిల్యం. అంటే ప్రయత్నం సడలడం. "ఇంకొంచెం వంగండి, ఇంకొంచెం" అని అరిచే ట్రైనర్లు ఆ సూత్రం దాకా వచ్చినట్టు లేరు.

ఓఎంఆర్ రోడ్డులో ఐటీ ఉద్యోగం చేసే మా తమ్ముడు ఒప్పుకోడు. "పది గంటలు కుర్చీకి అతుక్కుపోయినవాడికి మళ్లీ కుర్చీలోనే యోగానా అన్నయ్యా? చెమట పట్టొద్దూ?" అంటాడు. పట్టాలి. పరిగెత్తనీ, షటిల్ ఆడనీ, గుండెకు మంచిది. కానీ వాడు పది గంటలు కూర్చుంటున్నాడే గానీ, అందులో ఒక్క నిమిషమైనా కుదురుగా కూర్చోవడం లేదు.

కుదురుగా కూర్చుంటే ఏమవుతుందో నా సంగతి చెబుతాను. చాప మీద పడుకున్న ఆ పది నిమిషాల్లో, ఇన్నాళ్లూ ఆఫీసు టెన్షన్ అని నేను పేరు పెట్టుకున్నది చాలావరకు పని కాదని తెలిసింది. వాట్సాప్‌లో రిప్లై ఆలస్యమైతే ఎవరేమనుకుంటారో అన్న భయం అది. నిలకడ మీద నిజం తెలుస్తుందని మనవాళ్లు ఊరికే అనలేదు. మన మదనపల్లెలో పుట్టి, అడయారులో పెరిగి, జీవితమంతా "నిన్ను నువ్వు గమనించుకో" అని చెప్పిన జిడ్డు కృష్ణమూర్తి కూడా, 1965 ప్రాంతంలో, తన 70వ ఏట, తనకన్నా 43 ఏళ్లు చిన్నవాడైన దేశికాచార్ దగ్గర ఆసనాలు నేర్చుకున్నారు. ఏ గురువునూ ఒప్పుకోని మనిషి అంత చిన్నవాడు చెప్పినట్టు చేతులెత్తి దించుతున్న దృశ్యం ఊహించుకుంటే నాకెందుకో భలే ముచ్చటేస్తుంది.

ఇదంతా చాప పరుచుకునే తీరిక ఉన్న నాలాంటివాళ్ల గోల. నా చేతికున్న స్మార్ట్‌వాచ్ గంటకోసారి మణికట్టు మీద గీరి "లేచి నిలబడు" అంటుంది. ఇదే ఊళ్లో, టి.నగర్ బట్టల షాపుల్లో, పొద్దుటినుంచి రాత్రి దాకా నిలబడే ఉండే అమ్మాయిలున్నారు. మన పెళ్లిళ్లకు పట్టుచీరలు విప్పి, భుజం మీద వేసుకుని చూపించేది వాళ్లే. దుకాణాల్లో పనిచేసేవాళ్లందరికీ కూర్చునే ఏర్పాటు ఉండాలని తమిళనాడు 2021లో చట్టం చేసింది. కేరళ అంతకు ముందే, 2018లో చేసింది. ఆసనం అంటే ముందు కూర్చోవడం, కూర్చునే చోటు. కాబట్టి యోగా అన్న మాట ఒక్కసారి కూడా లేకపోయినా, నా దృష్టిలో ఈ దేశంలో వచ్చిన గట్టి యోగా చట్టం ఇదే.

నెమ్మది అన్నది మనసు సంగతే అయితే ధ్యానం యాప్ చాలు. అది గంటల సంగతి, ఆ గంటలు ఎవరి చేతిలో ఉన్నాయన్న సంగతి. దేశంలో మొదటి మే డేను 1923లో కార్మిక నాయకుడు సింగారవేలర్ జరిపింది ఈ మద్రాసు తీరాన్నే. సరిగ్గా నూరేళ్లకు, 2023 ఏప్రిల్‌లో, ఫ్యాక్టరీల్లో 12 గంటల పనికి దారితీసే బిల్లు ఇక్కడి అసెంబ్లీలోనే పాసైంది. కార్మిక సంఘాలు గొడవ చేస్తే మే డే నాడు వాపసు తీసుకుంటున్నామని ముఖ్యమంత్రి స్టాలిన్ ప్రకటించారు. వారానికి 70 గంటలు చాలవు, 90 కావాలనేదాకా పోయిన కంపెనీ పెద్దల ముచ్చట మీకు తెలిసిందే. ఇంట్లో కూర్చుని భార్య ముఖం ఎంతసేపు చూస్తారని కూడా అడిగారు. చూడనిస్తే కదా తెలిసేది.

మొన్న మా మేనకోడలి పెళ్లికని ఒక పెద్ద షాపుకి వెళ్లాం. చీరలు చూపించే అమ్మాయి మా మాటలు విని తెలుగులోకి దిగింది. గుమ్మిడిపూండి లైన్లో, ఆరంబాక్కం దగ్గర ఊరు. ఇల్లు చేరేసరికి పదిన్నర దాటుతుందట. ఆమె వెనక ప్లాస్టిక్ స్టూలు ఉంది. చట్టం ప్రకారం వచ్చిందే. దాని మీద నడుం ఎత్తున చీరల పెట్టెలు పేర్చి ఉన్నాయి.

"కూర్చోమ్మా, మేం చూసుకుంటాం" అంది మా ఆవిడ.

ఆ అమ్మాయి ఫ్లోర్ మేనేజర్ వైపు ఒకసారి చూసి, పెట్టెలు కిందకి దించి, స్టూలు అంచున కూర్చుంది. "థ్యాంక్స్ అక్కా" అని, ఒక కాలు మెల్లగా చెప్పులోంచి తీసి నేలమీద ఆనించింది. వంగపండు రంగుదా, నెమలికంఠం రంగుదా అని మా ఆవిడ ముప్పావుగంట తేల్చలేదు. నేను రెండుసార్లు విసుక్కున్నాను. ఏ చీర తీసుకోవాలో షాపులో అడుగుపెట్టిన ఐదు నిమిషాలకే తేల్చుకున్నానని ఇంటికొచ్చాక చెప్పింది.