వద్దన్నోడికి ఏమిస్తారు?

లంచం తీసుకుంటూ దొరికిపోయినోడి ఫొటో పేపర్లో పడుతుంది. టేబుల్ మీద పరిచిన నోట్లు, పక్కన తలొంచుకుని కూచున్న మనిషి, వెనకాల ఏసీబీ వాళ్ళు. విజయనగరమైనా శ్రీకాకుళమైనా మనుషులు మారతారు గానీ ఫొటో అదే. మరి మే నెల ఎండలో గంటస్తంభం దగ్గర నించుని, చేతిలో పెట్టబోయిన రెండొందల నోటుని వెనక్కి తోసేసి వెయ్యి రూపాయల చలానా కొట్టి పంపించిన కానిస్టేబుల్ ఫొటో ఏ పేపర్లో వస్తుంది? రాదు. అక్కడ ఏమీ జరగలేదు కదా, జరగనిది వార్త ఎలా అవుతుంది.

అందుకే ట్రాఫిక్ డ్యూటీలో లంచం వద్దన్న పోలీసులకి రివార్డు ఇవ్వాలి అనే మాట వినగానే సగం మందికి నవ్వొస్తుంది, మిగతా సగం మందికి కోపమొస్తుంది. జీతం తీసుకుని చెయ్యాల్సిన పని చేసినందుకు మళ్ళీ బహుమతేంటండీ, పరీక్షలో కాపీ కొట్టనందుకు ప్రైజు ఇచ్చినట్టు ఉంది అంటారు. ఈ మాటలో తప్పేం లేదు, న్యాయంగా చూస్తే అంతే. కానీ ట్రాఫిక్ డ్యూటీలో నిజాయితీగా ఉంటే ఊరికే పోదు, దానికి ఖర్చవుతుంది, ఆ ఖర్చు మొత్తం ఆ ఒక్క మనిషే పెట్టుకుంటున్నాడు. మేం ఈ రివార్డుని సమర్థిస్తున్నది అందుకే. అయితే ఏం ఇస్తారు, ఎలా ఇస్తారు అన్నదాని మీద మాకు పేచీ ఉంది.

ముందు రోడ్డు మీద ఏం జరుగుతుందో చూద్దాం. ఏ జంక్షన్ అని పేరు చెప్పం, విజయనగరం, శ్రీకాకుళం రెండు జిల్లాల్లో ఎవరి జంక్షన్ వాళ్ళకి తెలుసు. టీవీఎస్ ఎక్సెల్ మీద అటో క్యాను ఇటో క్యాను కట్టుకుని పాలు పోసుకునే పెద్దాయన వస్తాడు, హెల్మెట్ ఉండదు, సి బుక్కు ఇంట్లో ఉంటుంది, ఇన్సూరెన్సు ఎప్పుడు అయిపోయిందో ఆయనకే తెలీదు. "ఏటి పెద్దాయనా, హెల్మెట్టేది?" అని కానిస్టేబుల్ అడుగుతాడు. "మర్చిపోనాను బాబూ, పాలు ఇరిగిపోతాయి, ఒగ్గీండి" అంటాడు ఆయన. ఇక్కడ అందరూ గమనించాల్సింది ఏంటంటే పోలీసు ఇంకా ఏమీ అడగలేదు, పెద్దాయన చెయ్యి అప్పటికే చొక్కా జేబులోకి వెళ్ళిపోయింది, మడతపెట్టిన నోటు బయటికొచ్చింది, "ఏటో కాసింత చూసుకోండి బాబూ" అనే మాట కూడా వచ్చేసింది. కుర్రాళ్ళయితే నోటు కూడా ఉండదు, పక్కన కిళ్ళీ బడ్డీలో స్కానర్ ఉంటుంది, అక్కడ కొట్టేస్తే సాయంత్రం బడ్డీవాడు లెక్క చెప్తాడు. మొత్తం వ్యవహారం రెండు నిమిషాలు. ఎవరి పేరు ఎవరికీ తెలీదు, కాగితం లేదు, కంప్లైంటు లేదు, ఇద్దరూ హ్యాపీ.

ఈ రెండు నిమిషాలే అసలు సమస్య. ఏసీబీ వాళ్ళు ట్రాప్ ఎలా వేస్తారో తెలుసు కదా, ఫలానా ఆఫీసులో ఫలానా మనిషి ఇంత అడుగుతున్నాడని ముందు ఒకరు వెళ్ళి కంప్లైంటు ఇవ్వాలి, అప్పుడు వాళ్ళు నోట్లకి ఫినాఫ్తలీన్ పౌడర్ రాసి నంబర్లు రాసుకుని పంపిస్తారు, తీసుకున్నాక చేతులు సోడా ద్రావణంలో ముంచితే గులాబీ రంగు వస్తుంది. పాస్‌బుక్కు కోసం నెలల తరబడి తిప్పించుకునే చోట ఇది పనిచేస్తుంది. కానీ రోడ్డు మీద ఎవడు ఆపుతాడో, ఎంత అడుగుతాడో మనకి ముందు తెలీదు, ఆ పాల పెద్దాయన ఏసీబీ నంబరు 1064కి ఫోన్ చేసి ఏసీబీ వాళ్ళు వచ్చేదాకా ఆగితే పాలు కాదు కదా పెరుగు కూడా మిగలదు. అంటే బయటనించి పట్టుకోవడం చాలా కష్టం. ఆ రెండు నిమిషాల్లో లంచాన్ని ఆపగలిగేది ఎవరంటే, ఆ నోటు ఎవరి ముందుకి వచ్చిందో ఆ మనిషి ఒక్కడే. అతన్ని మన వైపు ఉంచుకోవడానికి నాలుగు రూపాయలు ఖర్చు పెట్టడం దండగ ఎలా అవుతుంది?

ఇంకో లెక్క కూడా ఉంది. 2019లో మోటారు వాహనాల చట్టం మార్చారు, హెల్మెట్ లేకపోతే అంతకుముందు వంద రూపాయలు ఉన్న ఫైను వెయ్యి అయింది, పైగా మూడు నెలలు లైసెన్సు పక్కన పెట్టొచ్చు. లైసెన్సు లేకుండా నడిపితే ఐదొందలు కాస్తా 5000, తాగి నడిపితే 2000 కాస్తా 10,000. ప్రాణాలు కాపాడ్డానికి పెంచారు, మంచిదే, మేం వద్దనం. కాకపోతే ఫైను వంద ఉన్నప్పుడు లంచం యాభై, అటూ ఇటూ పెద్ద తేడా లేదు, ఫైను వెయ్యి అయ్యేసరికి రెండొందలు ఇచ్చేవాడికి ఎనిమిదొందలు మిగులు, తీసుకునేవాడికి రెండొందలు లాభం, తాగి దొరికినోడి దగ్గరయితే బేరం వేలల్లో మొదలవుతుంది. చట్టం గట్టిదయ్యే కొద్దీ వద్దు అనడం ఖరీదైపోయింది. ఫైన్లు పెంచిన వాళ్ళు ఈ సంగతి ఆలోచించారో లేదో గానీ వద్దనే వాడికి మాత్రం ఏమీ పెంచలేదు.

అయితే జీతాలు పెంచేస్తే సరిపోతుంది కదా అనొచ్చు. ఆఫ్రికాలో ఘానా దేశం 2010లో పోలీసుల జీతాలు దాదాపు రెట్టింపు చేసింది. తర్వాత పరిశోధకులు అక్కడ హైవేల మీద తిరిగే లారీల ట్రిప్పులు వేలల్లో తీసుకుని, ఎక్కడెక్కడ ఎంతెంత ఇచ్చారో లెక్క రాయించి చూశారు. లంచాలు తగ్గలేదు సరికదా పోలీసులు అడిగే మొత్తం పెరిగింది. మాకు తోచేది ఏంటంటే జీతం అందరికీ పెరిగింది, తీసుకునేవాడికీ పెరిగింది తీసుకోనివాడికీ పెరిగింది, ఇద్దరికీ తేడా ఎక్కడుంది? లారీల సంగతి మనకి ఘానా దాకా వెళ్ళి ఎవరూ చెప్పక్కర్లేదు, లారీల ఊరు సాలూరు ఉందిగా. ఒరిస్సా ఘాట్ ఎక్కి రాయపూర్ వైపు తిరిగే బళ్ళ ఓనర్లని అడగండి, లెక్కల పుస్తకంలో డీజిలు, టోలు, టైర్లు రాసినట్టే దారి ఖర్చులు అని ఇంకో లైను ఉంటుంది, దాని గురించి అడిగితే నవ్వి ఊరుకుంటారు. ఆ ఖర్చు కిరాయిలో కలుస్తుంది, కిరాయి సరుకులో కలుస్తుంది, ఆఖరికి మన కిరాణా బిల్లులో తేలుతుంది.

జార్జియా దేశం ఇంకో దారి పట్టింది. 2004లో అక్కడి కొత్త ప్రభుత్వం మొత్తం ట్రాఫిక్ పోలీసు విభాగాన్నే ఎత్తేసి, వేలమందిని ఇంటికి పంపి, మంచి జీతాలతో కొత్తవాళ్ళని తీసుకుంది. రోడ్డు మీద లంచాలు బాగా తగ్గాయి. మనకి అది కుదరదు, కుదరకూడదు కూడా, ఎందుకంటే తీసుకునేవాళ్ళతో పాటు ఇన్నాళ్ళూ వద్దంటూ వచ్చినవాళ్ళు కూడా ఆ లెక్కలో ఇంటికి పోతారు. మనకి కావాల్సింది వాళ్ళిద్దర్నీ విడదీసి చూపించే పద్ధతి.

మరి ఇప్పుడు వద్దన్నోడికి ఏం దొరుకుతోంది? చాలా స్టేషన్ల గురించి జనం చెప్పుకునే మాట ఒకటే, రోడ్డు మీద వచ్చింది రోడ్డు మీదున్నోడి దగ్గరే ఆగిపోదు, వాటాలుంటాయి అని. అలాంటి చోట ఒక్కడు వద్దంటే వాడు మంచోడు అవ్వడు, మిగతావాళ్ళకి అడ్డం అవుతాడు. పేరు పెట్టి వెక్కిరింపులు మొదలవుతాయి, తర్వాత నీడ లేని పాయింటులో డ్యూటీ, పండగ రోజు సెలవు క్యాన్సిల్, ఆ తర్వాత ఎక్కడో ఎవరూ పట్టించుకోని లూప్‌లైన్. ఇంట్లో భార్య కూడా అడుగుతుంది, మీ బ్యాచ్ ఆయన స్థలం కొన్నాడంట కదా అని. రోజుకూలి లెక్కన పనిచేసే హోంగార్డు పరిస్థితి ఇంకా అన్యాయం, చెయ్యి చాపమని పంపేది అతన్నే, దొరికితే ముందు పోయేది అతని ఉద్యోగమే.

ఇలాంటి మనిషిని పిలిచి ఐదొందలో వెయ్యో చేతిలో పెట్టి ఒక శాలువా కప్పి ఫొటో దిగితే మాత్రం అది అతనికి చేసే మేలు కాదు, మిగతావాళ్ళకి అతని ముఖం చూపించినట్టు అవుతుంది. మా పేచీ ఇక్కడే. డబ్బు ఇవ్వొద్దని కాదు, ఇవ్వండి, డిపార్టుమెంటులో క్యాష్ రివార్డులు, గుడ్ సర్వీస్ ఎంట్రీలు ఎప్పటినించో ఉన్నాయి, దొంగని పట్టుకున్నోడికి ఇస్తున్నారు, గంజాయి పట్టుకున్నోడికి ఇస్తున్నారు, అదే పుస్తకంలో ఇది కూడా రాయండి. కానీ దానికంటే ముఖ్యం, అతను అడిగిన చోట పోస్టింగ్, రెండేళ్ళు ఎవరూ కదపకుండా గ్యారంటీ, ప్రమోషన్ లిస్టు చూసేటప్పుడు ఆ ఎంట్రీకి విలువ. ఇంకోటి వీక్లీ ఆఫ్. 2019లో మన రాష్ట్రంలో పోలీసులకి వీక్లీ ఆఫ్ అన్నారు, తర్వాత అది ఎలా నడిచిందో ఏ కానిస్టేబుల్ ఇంటికెళ్ళి అడిగినా చెప్తారు. వద్దన్న మనిషికి వారానికి ఒక్క రోజు ఖచ్చితంగా పిల్లలతో ఉండే అవకాశం ఇస్తే ఐదు వేల రివార్డు కంటే ఎక్కువ సంతోషిస్తాడు. విజయనగరంలోనే పోలీస్ ట్రైనింగ్ కాలేజీ ఉంది, అక్కడికి కొత్తగా వచ్చిన కుర్రాళ్ళ ముందు అతన్ని ఒక పూట కూచోబెట్టి మాట్లాడించండి, ఎండలో ఎలా నించున్నాడో, ఎమ్మెల్యే మనిషినంటూ ఫోన్ ఇచ్చినోడికి ఏం చెప్పాడో వాళ్ళు వింటారు.

వద్దన్నాడని ఎలా తెలుస్తుంది అనేది గట్టి ప్రశ్న. తీసుకుంటే నోటు ఉంటుంది, వద్దంటే ఏం ఉంటుంది? ఇద్దరు స్నేహితులు మాట్లాడుకుని ఒకడు ఇచ్చినట్టు ఒకడు వద్దన్నట్టు నాటకం ఆడి రివార్డు పంచుకుంటే? మనవాళ్ళ తెలివి మీద మాకు నమ్మకం ఉంది, ఆడతారు. అందుకే ఎన్ని సార్లు వద్దన్నాడు అని లెక్కపెట్టి ఇవ్వడం తప్పు. బాడీ కెమెరా ఉన్నచోట రికార్డింగు చూడండి. న్యూయార్క్ పోలీసుల్లో 1990ల నించి తమ వాళ్ళనే మారువేషంలో పంపి సొంత సిబ్బందిని పరీక్షించే పద్ధతి ఉంది, మనం కూడా వేరే జిల్లానించి మఫ్టీలో నలుగుర్ని హెల్మెట్ లేకుండా మన జంక్షన్లలో తిప్పొచ్చు. ఎవరు తీసుకున్నారో ఒక లిస్టు, ఎవరు వద్దని చలానా కొట్టారో ఇంకో లిస్టు. చలానా కొట్టడం అన్నది మర్చిపోవద్దు, డబ్బులొద్దు పో అని జాలిపడి వదిలేస్తే లంచం ఆగింది గానీ హెల్మెట్ రాలేదు, ఆ మనిషి రేపు పూసపాటిరేగ దగ్గర హైవే మీద అలాగే పోతాడు. రివార్డు వద్దన్నందుకు, రాసినందుకు రెండిటికీ కలిపి ఉండాలి.

ఇంతసేపూ పోలీసుల గురించే మాట్లాడాం, ఇక జేబులో చెయ్యి పెట్టిన వాళ్ళ సంగతి. 2018లో అవినీతి నిరోధక చట్టం మార్చాక లంచం ఇవ్వడం కూడా నేరమే, ఏడేళ్ళ దాకా జైలు ఉంది. బలవంతం చేస్తే ఇచ్చినవాళ్ళు ఏడు రోజుల్లోపు వెళ్ళి చెప్పుకుంటే తప్పించుకోవచ్చు, ముందే ఏసీబీకి చెప్పి ట్రాప్ కోసం ఇచ్చినవాళ్ళకీ నేరం అంటదు. కానీ రోడ్డు మీద చలానా తప్పించుకోడానికి తనంతట తనే నోటు తీసినోడి మీద కేసు పెట్టడం మీరెప్పుడైనా విన్నారా? పాలు పోసుకునే పెద్దాయనని జైల్లో పెట్టమని మేం చెప్పడం లేదు, ఆయనకి ఆ చలానాయే ఎక్కువ. ఫుల్లుగా తాగి కారులో ఉండి, "నేనెవర్నో తెలుసా" అని మొదలుపెట్టి, అది పనిచెయ్యకపోతే "ఎంత కావాలో చెప్పు" దాకా వచ్చేవాడు ఉంటాడు చూడండి, అలాంటి వాళ్ళ మీద రెండు మూడు కేసులు పెట్టి చూడండి, వద్దనే కానిస్టేబుల్ పని సగం తేలికవుతుంది. వద్దన్నోడి రిపోర్టు మీద పై ఆఫీసర్ కేసు కట్టడం కూడా ఆ మనిషికి ఇచ్చే గౌరవమే, నీ మాట నమ్మాం అని చెప్పినట్టు.

అలాగే రూల్ కాపాడేవాడే రూల్ తప్పితే డబుల్ ఫైను అని ఆ 2019 మార్పుల్లోనే ఉంది, 210బి సెక్షను. హెల్మెట్ లేకుండా బుల్లెట్ మీద తిరిగే ఖాకీలకి ఎన్ని రెండువేల చలానాలు పడ్డాయో రెండు జిల్లాల ఎస్పీలూ ఓ లిస్టు బయటపెడితే జనం చలానా కట్టేటప్పుడు కొంచెం తక్కువ తిట్టుకుంటారు.

ఖర్చు ఎవరు పెట్టుకోవాలి అన్నది పెద్ద విషయం కాదు. యాక్సిడెంటు అయినోళ్ళని గంటలోపు ఆసుపత్రికి చేర్చినోళ్ళకి కేంద్రం 2021లో 5000 ఇవ్వడం మొదలుపెట్టి తర్వాత 25,000 చేసింది, అంటే మంచి పనికి డబ్బివ్వడం సర్కారుకి కొత్తేం కాదు. చలానాల కింద జనం కట్టే దాంట్లో చిన్న ముక్క చాలు.

దసరా వెళ్ళాక వచ్చే మంగళవారం విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమాను ఉత్సవం, లక్షల మంది జనం, చుట్టుపక్కల ఊళ్ళ బళ్ళన్నీ టౌన్ మీదే పడతాయి. శ్రీకాకుళంలో రథసప్తమికి అరసవల్లి రోడ్డు అంతే. ఆ రెండు బందోబస్తుల్లోపు ఈ పద్ధతి మొదలుపెట్టి, వద్దన్నవాళ్ళ లిస్టు తయారుచేసి ముందు వాళ్ళని అడగండి, పేరు బయటపెట్టమంటారా వద్దంటారా అని. సరే అన్నవాళ్ళ పేర్లు మాకు పంపండి, ఫస్ట్ పేజీలో ఫొటోతో వేస్తాం, ఆఫీసర్ల ఫొటోలు పక్కన పెట్టమని మాత్రం అడగొద్దు.